నన్ను చూస్తేనే బాబు ఏడుస్తాడు, నేను తల్లినేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మా బాబుకు రెండేళ్ల అయిదు నెలలు. నెలలు నిండాకే పుట్టాడు కానీ పుట్టగానే ఏడవలేదు. మెదడుకు ఆక్సిజన్ సరిగా అందలేదని ఐసీయూలో ఉంచారు. మెడ నిలపడానికి పది నెలలు పట్టింది. ఈ మధ్యే ఆసరా ఇస్తే కూర్చుంటున్నాడు. మాటలు రాలేదు. కాళ్లు బిగుసుకుపోకుండా రోజూ మూడు పూటలా వ్యాయామాలు చేయించమన్నారు. గుక్కపట్టి ఏడుస్తున్నా చేయిస్తున్నాను. ఇప్పుడు నేను దగ్గరికి వెళ్తేనే ఏడుపు అందుకుంటున్నాడు. మా అమ్మ ఎత్తుకుంటే ఊరుకుంటాడు. నా మొహం వైపు చూడనే చూడడు. నేను ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపోతాడు. నిజం చెప్పాలంటే నాకు వాడి మీద ప్రేమ కలగడం లేదు. అన్నీ చేస్తాను, కానీ డ్యూటీ చేసినట్టు చేస్తాను. మా ఆడపడుచు కూతురు వాడికంటే ఆరు నెలలు చిన్నది, ఇల్లంతా పరుగెడుతుంది. ఆ పిల్ల వస్తే నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాను. గ్రహణం రోజు నేను బయట తిరగడం వల్లే ఇలా అయిందని అత్తగారు అంటారు. ఆయన రాత్రి తొమ్మిదింటికి వచ్చి ఫోను పట్టుకుంటారు. అప్పు చేసి స్టెమ్ సెల్ చికిత్స చేయిద్దామంటున్నారు. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. ఒక రాత్రి వాడు ఏడుస్తుంటే, 'వీడు లేకపోతే నాకు ఈ బాధ ఉండేది కాదు కదా' అనిపించింది. అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నేను తల్లినేనా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. అది వాయిదా వేయకూడని విషయం. నిద్ర లేకుండా, చేతికి అందివచ్చేవారు లేకుండా ఏళ్ల తరబడి బిడ్డను మోస్తున్న తల్లికి 'వీడు లేకపోతే' అన్న తలపు రావడం మీరనుకుంటున్నంత అరుదు కాదు. చాలామందికి వస్తుంది, ఎవరూ పైకి చెప్పరు. తలపు వచ్చి పోతే అది అలసట, దిగులు. మళ్లీ మళ్లీ వచ్చి, ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన దాకా వెళ్తే మాత్రం అత్యవసరం. అందుకే సూటిగా అడుగుతున్నాను. బాబుకు గానీ మీకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తోందా? వస్తే ఆ క్షణమే బాబును ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వండి. ఎవరూ లేకపోతే నేల మీద పక్క పరిచి పడుకోబెట్టి, మీరు గది బయటికి వచ్చి 14416కు ఫోను చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే 112కు గానీ 108కి గానీ చేయండి. మీరు మాట్లాడే ఆ కాసేపు బాబు ఏడ్చినా ఫరవాలేదు. ఆ రాత్రి మీకు వచ్చిన తలపు గురించి ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. నాకు రాసినట్టే మీ అమ్మగారికీ చెప్పండి.

ఇక మీరడిగిన ప్రశ్న. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. ఒకటి మీకు వచ్చిన జబ్బు. రెండోది మీకూ బాబుకూ ఒకరి తీరు ఒకరికి ఇంకా తెలియకపోవడం. ఈ రెండింటినీ కలిపి 'నాలో ప్రేమ లేదు' అని మీరే తీర్పు చెప్పేసుకున్నారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను.

నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, మనుషులను తప్పించుకుని తలుపు వేసుకోవడం, తన మీద తనకే అసహ్యం కలగడం. ఇవి రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే కుంగుబాటు ఉందేమోనని వైద్యులు పరీక్షించాలి. ఇష్టమైనవాటి మీద కూడా ఇష్టం తెలియకుండా పోవడం ఆ జబ్బు లక్షణం. పొద్దున కాఫీ సహించదు, పండగ చీర కట్టుకోవాలనిపించదు, బిడ్డను గుండెకు హత్తుకున్నా లోపల ఏమీ కదలదు. అలాంటప్పుడు కదలనిది ప్రేమేనని తల్లులు పొరబడతారు. ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2006లో విశ్లేషిస్తే, నూటికి 29 మందిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మిగతా తల్లుల్లో ఆ సంఖ్య 19. కాబట్టి ఇది మీ ఒక్కరి స్వభావంలో ఉన్న లోటు కాదు.

జిల్లా ఆసుపత్రిలో గానీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ మానసిక వైద్యులను కలవండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి. ఈ రెండూ మన ఆడవాళ్లలో ఎక్కువ, రెండూ మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి. మందులు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం తేడా లేదని మానేయకండి. కుంగుబాటుకు వాడే మందులు అలవాటుగా మారిపోతాయన్న భయం అక్కర్లేదు, అయితే మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు. బాబు ఇంకా పాలు తాగుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. బాబుకు ఫిట్స్ వస్తే మందు వేయడానికి వెనుకాడరు కదా, మీ విషయంలోనూ వెనుకాడకండి.

'నా మొహం వైపు చూడనే చూడడు' అని రాశారు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన వాక్యం అది. బాబుకు చూపు పరీక్ష చేయించారా? పుట్టుకలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న పిల్లల్లో చూపును అర్థం చేసుకునే భాగాలు కూడా దెబ్బతినవచ్చు. కన్ను బాగానే ఉంటుంది. కన్ను చేరవేసిన దాన్ని మెదడు పోల్చుకోలేకపోతుంది. అలాంటి పిల్లలకు మనిషి ముఖం చాలా కష్టమైన దృశ్యం. కదులుతుంది, మాట్లాడుతుంది, వెనకాల గోడ మీద క్యాలెండరు, తలుపు, దండెం మీద బట్టలు, అన్నీ కలిసిపోతాయి. కొందరు పిల్లలు శ్రద్ధగా వింటున్నప్పుడే చూపు పక్కకు తిప్పేస్తారు. వస్తువును అందుకోబోతూ తల అటు తిప్పుకునే పిల్లలూ ఉన్నారు. తల్లికి మాత్రం తనను కాదన్నట్టే ఉంటుంది.

పిల్లల కంటి వైద్యులకు చూపించి, 'మెదడు వల్ల చూపు సమస్య ఉందేమో చూడండి' అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే కన్ను ఒక్కటే చూసి పంపేసే అవకాశం ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఉంది. వినికిడికి బెరా పరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే అదీ చేయించండి. ఫలితం వచ్చేలోగా ఇంట్లో ఒకటి ప్రయత్నించవచ్చు. వెనక బొమ్మలు, బట్టలు లేని ఖాళీ గోడకు ఆనుకుని కూర్చోండి. టీవీ కట్టేయండి. ఎర్రటి గానీ పసుపుపచ్చటి గానీ ఒకే రంగు జాకెట్టు వేసుకోండి. ముఖం దగ్గరగా తెచ్చి, ముందు మాట్లాడకుండా ఊరికే ఉండండి. చూపు సమస్య ఉన్న కొందరు పిల్లలు ఇలా హడావిడి లేకుండా ఉన్నప్పుడు ఒక క్షణం తల్లిని చూస్తారు.

1970లలో అమెరికాలోని మిషిగన్‌లో సెల్మా ఫ్రైబర్గ్ అనే నిపుణురాలు పుట్టుకతో చూపులేని పసిపిల్లలనూ వాళ్ల తల్లులనూ ఇళ్లకు వెళ్లి గమనించారు. ఆ పిల్లలు కళ్లలో కళ్లు పెట్టి చూడలేరు, నవ్వడం తక్కువ, ముఖంలో భావాలు పెద్దగా పలకవు. చూసేవారికి ఆ పిల్లలు దేన్నీ పట్టించుకోనట్టే అనిపించేది. ఫ్రైబర్గ్ చూపు ముఖం మీది నుంచి చేతుల మీదికి మళ్లింది. ముఖం నిర్లిప్తంగా ఉన్న పిల్లల వేళ్లు తల్లి వేళ్లను వెతుకుతున్నాయి. చేతిలో బొమ్మ జారిపోతే ముఖం మారలేదు గానీ వేళ్లు అక్కడే తడుముతున్నాయి. బిడ్డ చేతులను చూసి మనసు తెలుసుకోవడం ఆమె ఆ తల్లులకు నేర్పారు. సంకేతం అర్థమైన తల్లి బదులిచ్చింది, బదులు దొరికిన బిడ్డ మళ్లీ పిలిచాడు. అనుబంధం అలా అల్లుకుంది.

మీ బాబు సంకేతాలు ఎక్కడున్నాయో మీరే వెతకాలి. ఒకటి నేను చెప్పగలను. కండరాలు బిగుసుకునే పిల్లలకు సంతోషం కలిగినా ఒళ్లు బిగుస్తుంది, ఉలిక్కిపడినా బిగుస్తుంది. మీ చేతుల్లో వెనక్కి విరుచుకోవడం కూడా చాలావరకు కండరాల పనే. మీరు వచ్చారన్న ఉత్సాహంలో కూడా అలా విరుచుకుపోవచ్చు. వాడిని తుంటి, మోకాళ్లు వంగేలా, చేతులు ముందుకు వచ్చేలా కూర్చున్నట్టుగా ఎత్తుకుంటే ఆ బిగువు తగ్గుతుంది. ఎలా ఎత్తుకోవాలో ఫిజియోథెరపిస్టును మీ ఎదుట చేసి చూపించమనండి. బహుశా మీ అమ్మగారు తెలియకుండానే అలా ఎత్తుకుంటున్నారేమో, ఓసారి గమనించండి.

రేపు పొద్దున రాగిజావ పట్టేటప్పుడు గిన్నెకు చెంచా తగిలించి చప్పుడు చేయండి. వెంటనే నోటికి అందించకండి. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. ఈ పిల్లలకు చప్పుడు చేరి, అర్థమై, ఒంట్లో కదలిక రావడానికి సమయం పడుతుంది. మనం తొందరలో ఆ బదులు వచ్చేలోపే చెంచా నోట్లో పెట్టేస్తాం. ఆ పది అంకెల్లో వాడి కాలివేళ్లు చూడండి, ఊపిరి చూడండి. బొటనవేలు లోపల దాచుకున్న పిడికిలి కొంచెం సడలుతుందేమో చూడండి. ఏదో ఒకటి కదులుతుంది. అదే 'ఊఁ, పెట్టు' అని అడగడం. అప్పుడు 'అడిగావా నాన్నా, ఇదిగో' అని చెంచా అందించండి. ఇలా నాలుగైదు చెంచాలు చాలు, మిగతా జావ ఎప్పటిలాగే పట్టండి.

ఇది పుట్టుకతో రావాల్సిన విద్య అని, అది మీకు రాలేదని అనుకోకండి. నేర్చుకుంటే వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఇలాంటిదే నేర్పారు. బిడ్డ కోసం ఆగడం, బిడ్డ చూపించిన దానికే బదులివ్వడం. 2016లో వచ్చిన ఫలితాల్లో, తల్లిదండ్రులు బిడ్డ తీరుకు తగ్గట్టు స్పందించడం మెరుగుపడింది, పిల్లలు తామే చొరవ తీసుకుని పలకరించడం పెరిగింది. ఏ లోపమూ లేని పిల్లల తల్లులైనా బిడ్డతో ఎప్పుడూ శ్రుతి కలిపి ఉండరు. తల్లీబిడ్డల ఆటను క్షణం క్షణం చిత్రీకరించి చూసిన ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్తకు, ఇద్దరూ నిజంగా కలిసి ఉన్నది దాదాపు మూడోవంతు సమయమే కనిపించింది. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుసుకోవడం.

ఇప్పుడు వ్యాయామాల సంగతి. రోజుకు మూడు పూటలు, ప్రతిసారీ మీ చేతులే వాడి కాళ్లను సాగదీస్తున్నాయి. ఆ నొప్పి ఎవరి చేతుల నుంచి వస్తుందో వాడు గుర్తుపట్టాడు. మీరు దగ్గరికి వస్తే ఏడుస్తున్నాడంటే మీరెవరో వాడికి తెలుసు, ఇంట్లో మిగతావారి నుంచి మిమ్మల్ని వేరుగా పోల్చుకుంటున్నాడు. ఇది నాకు ఆశ కలిగించే విషయం. మార్చాల్సింది వ్యాయామం జరిగే తీరు. థెరపిస్టు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. గుక్కపట్టి ఏడ్చేంత నొప్పితో చేయించమని ఎవరూ అనరు. పిల్లవాడు కదలకుండా ఉంటే మనం కాళ్లూ చేతులూ లాగడం కన్నా, వాడికి కావలసిన దాని కోసం వాడే ప్రయత్నించేలా చేసే సాధన ఎక్కువ ఉపయోగమని ఇటీవలి పరిశోధన సమీక్షలు చెబుతున్నాయి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు, చంకన ఎత్తుకునేటప్పుడు ఏవేవి కలిపి చేయవచ్చో అడగండి. కాళ్లకు కట్టే స్ప్లింట్లు అవసరమో కాదో కూడా అడగండి. వాళ్లను అడగకుండా వ్యాయామం మానేయవద్దు.

మూడు పూటల్లో రాత్రి పూట మీ భర్తది. ఆయన కూడా థెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. వ్యాయామానికి ఒక చాప, ఒక చోటు కేటాయించండి. ఆ చాప పరవని వేళ మీ చేతులు వాడిని సాగదీయవన్న నమ్మకం వాడికి కుదరాలి. రోజులో పావుగంట, అంతకన్నా వద్దు, ఏ లక్ష్యమూ లేకుండా వాడి పక్కన పడుకోండి. మెడ నిలబెడుతున్నాడా, చేయి ఎత్తుతున్నాడా అని చూడకండి. పొట్ట మీద ఉఫ్ అని ఊదండి, కొంగుతో దోబూచులాడండి, లేదా ఊరికే ఉండండి. తల్లిని ఇంటి దగ్గర ఉచితంగా దొరికే థెరపిస్టుగా మార్చేసే పద్ధతి మన దగ్గర బలంగా ఉంది. దాని వల్ల బిడ్డకు అమ్మ లేకుండా పోతోందని నేను గట్టిగా నమ్ముతాను.

మీ అత్తగారి మాట. గ్రహణం వల్ల పిల్లల మెదడు దెబ్బతినదు. మీ బాబు విషయంలో కారణం ఆసుపత్రి కాగితంలోనే రాసి ఉంది, పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందలేదు. ఆమెకు నేను శత్రుత్వం అంటగట్టను. మనవడి గురించిన భయాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక మీ మీద దించుతున్నారు. అయినా ఆ బరువు మీరు మోయనక్కర్లేదు. నింద తల్లి మీద వేయడం చదువుకోనివాళ్ల అలవాటు మాత్రమే అని కూడా అనుకోకండి. 1950లు, 60లలో అమెరికాలో పేరున్న వైద్యులే ఆటిజానికి తల్లి మనసులో ప్రేమ లేకపోవడం కారణమన్నారు. ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి, స్వయంగా మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో దానికి ఆధారాలు లేవని చూపించాక గానీ ఆ వాదం సడలడం మొదలుకాలేదు. బాబును పిల్లల వైద్యుల దగ్గరికి తీసుకెళ్లే రోజు అత్తగారిని వెంట తీసుకెళ్లండి. కారణం మీ నోటితో కాకుండా డాక్టరు నోటితో వింటే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది.

మీ ఆయన ఫోను పట్టుకుంటారని రాశారు, ఆ వెంటనే స్టెమ్ సెల్ చికిత్స, అంటే మూలకణాలు ఎక్కించే వైద్యం, మాట రాశారు. ఆ ఫోనులో ఆయన వెతుకుతున్నది బహుశా అదే. మీరు గదిలో తలుపు వేసుకున్నట్టు ఆయన ఫోనులో వేసుకుంటున్నారు. ఆ అప్పు మాత్రం చేయనివ్వకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్‌ను నిర్ధారిత చికిత్సగా వాడదగినది కొన్ని రక్త సంబంధ వ్యాధులు, అలాంటి మరికొన్ని జబ్బులకే. మిగతావన్నీ పరిశోధన కిందికి వస్తాయి, పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇది ఆయనకు చెప్పేటప్పుడు 'మోసపోతున్నారు' అనకండి. 'ఆ డబ్బుతో వాడికి తగిన కుర్చీ, స్ప్లింట్లు కొందాం, మీరు రాత్రి వ్యాయామం తీసుకోండి' అనండి. చేయడానికి పని దొరికితే మనిషి దగ్గరికి వస్తాడు.

ఆడపడుచు కూతురిని చూసి కలిగే బాధ మందులతో పూర్తిగా పోదు. 1962లో సైమన్ ఒల్షాన్‌స్కీ అనే అమెరికన్, ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల్లో ఉండే ఎడతెగని దుఃఖాన్ని గురించి రాశారు. అది రోగం కాదని, సహజమని ఆయన వాదన. పుట్టినరోజున, అక్షరాభ్యాసం వయసు వచ్చినప్పుడు, తోటి పిల్లలు బడి బస్సు ఎక్కినప్పుడు అది మళ్లీ పైకి వస్తుంది. వచ్చినప్పుడు ఏడవండి. బిడ్డను చూసి సంతోషించే రోజునే ఈ దుఃఖం కూడా కలగవచ్చు, ఒకటి ఉంటే రెండోది అబద్ధమని కాదు. ఆ పాప వచ్చినప్పుడు తలుపు వేసుకోవడం ఇప్పటికి తప్పేమీ కాదు. వైద్యం మొదలై కాస్త తేరుకున్నాక మీ ఆడపడుచుతో 'పాప అంటే నాకు కోపం లేదు, చూడలేకపోతున్నాను' అని ఒక్క మాట చెప్పండి. చెప్పకపోతే ఆమె వేరేలా అనుకుంటుంది.

మీకు మీలాంటి తల్లులు కావాలి. జిల్లా కేంద్రాల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సత్వర చికిత్సా కేంద్రాలు నడుస్తున్నాయి, డీఈఐసీ అని అడిగితే చెబుతారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి జాతీయ సంస్థ పనిచేస్తోంది, ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. వీటిలో మీకు దగ్గరిది ఎంచుకోండి. చికిత్స ఎంత ముఖ్యమో ఆ వరండాలో మీ పక్కన కూర్చునే తల్లి అంత ముఖ్యం. మీరు నాకు రాసింది ఆమెతో అంటే ఆశ్చర్యపోదు. బాబుకు వైకల్య ధ్రువపత్రం, వైకల్యం ఉన్నవారికి ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు వస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం), ఆటిజం, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. అందుకే డాక్టరును బాబు సమస్యకు పేరు రాసి ఇమ్మని అడగండి. 'ఎదుగుదల ఆలస్యం, చూద్దాం' అన్న మాట దగ్గరే ఏళ్లు గడిస్తే తల్లి దేనికి ఏడవాలో, దేనికి సిద్ధపడాలో తెలియక నలిగిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం రెండే. మీ అమ్మగారిని వచ్చి పది రోజులు ఉండమనండి, రాత్రుళ్లు బాబును ఆమె దగ్గర పడుకోబెట్టి మీరు నిద్రపోండి. ఆమె రాగానే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి, ఆమెనూ వెంట తీసుకెళ్లండి. అక్కడ మాట పెగలకపోతే నాకు రాసిన ఈ ఉత్తరాన్నే వాళ్లకు ఇవ్వండి. కంటి పరీక్ష వచ్చే వారం.